ఎడంచెయ్యి వాల్వు, ముప్పై ఎనిమిది కేబీల ఫైలు

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అవిధేయత మొత్తం కలిపి ముప్పై ఎనిమిది కేబీలు. ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టిన రోజు లేదు. సెలవు చీటీ ఇవ్వకుండా ఇంట్లో కూర్చున్నదీ లేదు. పై అధికారి ఏం చెప్పినా "సరే సార్" అన్నదాన్నే. ఒక్క ఫైలు మాత్రం తీసెయ్యమంటే పూర్తిగా తియ్యలేదు. ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నన్ను చూడ్డానికి వచ్చి, "మీరు ఏ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారు మేడమ్?" అని అడిగారు. నేను చెప్పిన పేరు విని ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పుదుచ్చేరిలో తాగునీటి విభాగంలో టైపిస్టుగా చేరాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక అదే కుర్చీలో కంప్యూటర్ ఆపరేటర్నయ్యాను. హోదా మారింది గాని కుర్చీ మారలేదు, దానివల్ల వచ్చిన నడుంనొప్పీ మారలేదు. మాది తరాలుగా ఈ ఊరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం, చదవడం నాకు అప్పట్లో రాదు. మా వీధిలో ఎవరికీ రాదు.

మా ఊళ్ళో కుళాయి నీళ్ళు వేళకు వస్తాయి, వేళకు పోతాయి. ఆ రాకపోకలన్నీ రోడ్డు కింద గుంటల్లో ఉండే వాల్వుల చేతిలో ఉంటాయి. మూత ఎత్తి, పొడవాటి ఇనుప కీ దించి, చుట్లు లెక్కపెట్టి తిప్పే మనిషి ఒకడుంటాడు. ముదలియార్‌పేట వైపు వీధులన్నీ తిప్పేది ఒక మామ. ఆయన నాకు చుట్టం కాదు. మా వాళ్ళలో పెద్దవాళ్ళందరూ ఏదో ఒక వరసే, ఈయన మామ అయ్యాడు. చదువు రాదు. రిజిస్టరులో తమిళంలో సంతకం పెట్టేవాడు, అది ఏ రెండు రోజులూ ఒకేలా ఉండేది కాదు. కాని ఏ వాల్వు యాడుందో, ఎన్ని చుట్లో, ఏది తిప్పితే ఏ వీధి ఎండుతుందో అంతా ఆయన తలలో ఉండేది.

ఒకరోజు సంతకం పెట్టి పోకుండా నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"పాపా, నేను పొయ్యినాక ఈ వాల్వులన్నీ ఎవురు గుర్తు పెట్టుకుంటారు?"

"యాడికి పోతావు మామా?"

"యాడికీ పోను. రిటైరయితా గదా, మూడేండ్లే ఉండాది. నా తలకాయ మాత్రం ఆఫీసులో పెట్టి పొమ్మంటే ఎట్ల కుదురుతాది?"

నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిచాను. మీకు తెలుసుగా, అందులో ఏమీ ఉండదు. తెల్లటి కాగితం, మిణుకుమిణుకుమనే ఒక గీత. రాస్తే ఉంచుకుంటుంది, వెతకమంటే వెతుకుతుంది. రంగు అడగదు, ఫొటో అడగదు, మీ పేరు కూడా అడగదు. "చెప్పు మామా" అన్నాను. ఆయన చెప్పినట్టే, మా ఇంటి తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేశాను. ఒక్కో వాల్వుకు ఒక్కో వరస.

"ఇస్త్రీ బండి ముందర గుంట. ఏడు సందులకు ఇదే. ఇరవై రెండు సుట్లు. ఎడంచెయ్యి."

"ఎడంచెయ్యి అంటే ఏంది మామా?"

"వాల్వంటే కుడిపక్క తిప్పితే మూసుకుంటాది గదా. పాత కాలంవి కొన్ని ఉండాయి, ఎడంపక్క తిప్పితేనే మూసుకుంటాయి. మనుషుల్లో లేరా ఎడంచెయ్యోళ్ళు, అట్ల."

అలా రోజుకు నాలుగైదు చొప్పున నెలల తరబడి చెప్పాడు, నేను కొట్టాను. గుర్తు మారిపోతే వరస మార్చేదాన్ని. ఇస్త్రీ బండి పోయి అక్కడ సెల్ ఫోన్ల అంగడి వస్తే ఆ మాట పక్కన చేర్చాను. ఫైలుకు మామ అనే పేరు పెట్టాను. దాన్ని తెరవడానికి పట్టే సమయం, వేలు ఎత్తినంత.

తర్వాత పెద్ద సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది మామూలుగా రాలేదు. దీపం వెలిగించి, బ్యానర్ కట్టి, శనగల సుండల్, టీ పంచి మరీ ఆహ్వానించారు. హోటల్ హాల్లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో లేనిది లేదు. ఊరి పటం ఉంది, గ్రాఫులున్నాయి, వాతావరణం ఉంది, సిబ్బంది పుట్టినరోజులకు బెలూన్లు ఎగిరే ఏర్పాటుంది. ఒక్కో వాల్వుకు నలభై పైచిలుకు గడులు. ఎర్ర చుక్క ఉన్న గడి నింపకపోతే ముందుకు కదలదు. వాల్వు అమర్చిన తేదీకి ఎర్ర చుక్క ఉంది. ఫ్రెంచివాళ్ళ కాలంలో పాతిన గొట్టానికి తేదీ నేనెక్కడ తెచ్చేది? నా పుట్టినరోజు వేశాను. ఇప్పటికీ ఆ సాఫ్ట్‌వేర్ లెక్కన పుదుచ్చేరిలో సగం వాల్వులు, నేను ఒకేరోజు పుట్టినవాళ్ళం.

అయితే ఎడంచెయ్యికి గడి లేదు. శిక్షణ ఇచ్చినాయన్ని అడిగాను. "అలాంటివి కూడా ఉంటాయా మేడమ్?" అని నవ్వి, తర్వాతి వెర్షన్‌లో చూద్దామన్నాడు. నేను ఆ విషయం కాగితం మీద రాసి ఇంజనీరుకు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. మామ ఉన్నాడు కదా, ఆయనకు తెలుసు కదా అనుకుని గడులు నింపుకుంటూ పోయాను. ఈ కథలో తప్పు సాఫ్ట్‌వేర్ ఒక్కదానిదే అని మీరనుకోకూడదని ఇది ముందే చెబుతున్నాను.

మా ఇంజనీరు యానాం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. గోదావరి తెలుగు, ప్రతి మాటకూ "అండీ". మంచివాడే గాని కొత్త సాఫ్ట్‌వేర్ విజయవంతం కావడం ఆయనకు చావుబతుకుల సమస్యగా ఉండేది. ఒకరోజు నా కంప్యూటర్లో మామ ఫైలు చూశాడు.

"ఇదేంటండీ?"

"వాల్వుల గుర్తులు సార్."

"అంతా సిస్టమ్‌లో ఉంది కదండీ. సొంత ఫైళ్ళు ఉండకూడదని పైనుంచి ఆర్డరు. డిలీట్ చేసెయ్యండి మేడమ్ గారూ."

"సరే సార్" అన్నాను. ఆయన చూస్తుండగానే తీసేశాను. దానికి ముందురోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పెన్‌డ్రైవ్ నా చేతిసంచిలో, పిన్నీసుల డబ్బాలో ఉండేది.

మామ రిటైరయ్యాడు. ఆయన చోటికి పంపు హౌసు నుంచి ఒకాయన మారి వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్థుడు, చేతిలో ఫోను పట్టుకుని సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు తిప్పేవాడు. టాంకు దగ్గర కాపలా ఉండే మనిషిని కూడా తీసి వేరేచోటికి మార్చారు, ఎందుకంటే టాంకు వాల్వు ఇప్పుడు టైముకు దానంతటదే తెరుచుకుంటుంది. ఏడాది అలాగే సాఫీగా గడిచింది. నాకు ఇంకా మూడు నెలల సర్వీసు ఉంది.

ఎండాకాలం. పదకొండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. ఎవరో కేబుల్ కోసం తవ్వుతూ, మంచినీళ్ళ గొట్టాన్నీ మురుగు గొట్టాన్నీ ఒకే గుంటలో పగలగొట్టారు. అది ఆ ఏడు సందుల గొట్టం. అప్పుడు నీళ్ళ వేళ కాదు కాబట్టి గొట్టం ఖాళీగా ఉంది, గుంటలో నిలిచిన మురుగు అందులోకి దిగుతోంది. మూడున్నరకు టాంకు తెరుచుకుంటే ముందు ఆ మురుగే ఇళ్ళలోకి పోతుంది. అలాంటి నీళ్ళు తాగిన వీధిలో వాంతులు, విరేచనాలతో పిల్లలు ఆసుపత్రికి చేరడం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చూశాను. మళ్ళీ చూడాలని లేదు.

ఇంజనీరు చురుగ్గానే కదిలాడు. ఏడు సందుల వాల్వు మూయమని కొత్తాయనకు చెప్పాడు. ఆయన వచ్చాక ఆ వాల్వు మూసే పని పడటం అదే మొదటిసారి. ఆ సందులకు ట్యాంకర్ పంపాడు. మిగతా వీధులకు మామూలుగానే నీళ్ళు వదలాలని నిర్ణయించాడు. పన్నెండున్నరకల్లా తెర మీద ఆ వాల్వు పక్కన ఎర్ర రంగు పోయి, మూసినట్టు ఆకుపచ్చ వచ్చింది. ఆఫీసంతా ఊపిరి పీల్చుకుని అన్నానికి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పెరుగన్నం, మాగాయి. ఎంత నిశ్చింతగా తిన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు గంటలకు ట్యాంకర్ డ్రైవరు ఫోన్ చేశాడు. ఏడు సందులు ఏవేవో పేర్లు కావాలన్నాడు. సాఫ్ట్‌వేర్ తెరిచాను. తనను తాను నవీకరించుకుంటున్నానని, కంప్యూటర్ ఆపవద్దని చెప్పింది. చక్రం తిరుగుతోంది. డ్రైవరు లైన్లో ఉన్నాడు. చుట్టూ చూసి, పిన్నీసుల డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాను. ఇస్త్రీ అని వెతికాను. సందుల పేర్లు చదివి డ్రైవరుకు చెప్పి ఫోన్ పెట్టేశాక, నా చూపు ఆ వరస చివరి మాట మీద పడింది.

ఎడంచెయ్యి.

 కొత్తాయనకు ఈ మాట ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మామకు ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "ఆపరేషను రూములో ఉండాడు పాపా, కంటిపొర తీస్తా ఉండారు" అంది. కొత్తాయనకు చేశాను.

"తంబీ, ఆ వాల్వు ఏ పక్క తిప్పినావు?"

"కుడిపక్కే అక్కా. రెండు సుట్లకే బిర్రుగా నిలబడిపోయింది. ఎవురో ముందే మూసినారు గామాల అనుకుని, మూసినట్టు ఫోన్లో నొక్కినా."

రెండు చుట్లకే నిలబడిందంటే అది మూసుకుపోయి కాదు, పూర్తిగా తెరుచుకుని. తెర మీద ఆకుపచ్చగా ఉన్న వాల్వు నేల కింద బార్లా తెరిచి ఉంది. ఇంజనీరు మాట లేనిదే దాన్ని తిప్పే అధికారం మా ఇద్దరికీ లేదు, కీ తీసుకుని అక్కడికి పొమ్మని మాత్రం చెప్పాను. గడియారం మూడూ అయిదు చూపిస్తోంది.

నిజం చెబుతాను. లేవడానికి ముందు ఒక్క నిమిషం కూర్చున్నాను. ఈ మాట ఎలా తెలిసిందంటే ఫైలు సంగతి చెప్పాలి. ఆర్డరు ధిక్కరించానని మెమో వస్తుంది, మూడు నెలల్లో రావాల్సిన పింఛను కాగితాలు దాని కింద ఇరుక్కుంటాయి. గడి లేదని తెలిసీ రాసి ఇవ్వనందుకు రెండో మెమో. ఎవరో ఫోన్ చేసి చెప్పారని అబద్ధం ఆడదామా అనిపించింది. అబద్ధం పూర్తిగా తయారుకాక ముందే కాళ్ళు లేచాయి. అందుకు నా కాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

ఇంజనీరు తన గదిలో పై అధికారితో వీడియోలో మాట్లాడుతూ, మధ్యాహ్నం తీసిపెట్టుకున్న ఆ ఆకుపచ్చ గుర్తు ఫొటోనే చూపిస్తున్నాడు. నేను తలుపు తట్టకుండా లోపలికి పోయాను.

"సార్, ఆ వాల్వు మూసుకోలేదు."

ఆయన మైకు ఆపాడు. "గ్రీన్ చూపిస్తోంది కదండీ?"

"అది ఎడమవైపు తిప్పితే మూసుకునేది సార్. ఆయన కుడివైపు తిప్పాడు."

"మీకెలా తెలుసండీ?"

"ఫైల్లో ఉంది సార్."

"ఏ ఫైల్లో? డిలీట్ చేశారు కదండీ!"

"చేశాను సార్. దానికి ముందే ఇంకో చోట పెట్టుకున్నాను. ఎడంచెయ్యికి సిస్టమ్‌లో గడి లేదని కూడా నాకు తెలుసు. మీకు చెప్పలేదు."

ఆయన నన్ను చూసిన చూపులో కోపం ఉంది. అయితే కోపానికి టైము లేదని ఆయనకూ తెలుసు. టాంకు ఆపడానికి కంప్యూటర్ వైపు తిరిగాడు. అక్కడా అదే చక్రం తిరుగుతోంది. నలభై ఒక్క శాతం. ఫోన్లోంచి ప్రయత్నిస్తే పాస్‌వర్డు గడువు తీరింది, కొత్తది పెట్టుకోమంది. టాంకు దగ్గరికి పోవాలంటే ఊరికి అవతల. ఏడు సందుల వాల్వు పది నిమిషాల దూరం. జీపు ట్యాంకర్ వెంట పోయింది.

"ఈసారి ఎటు తిరుగుతోందో నేనే దగ్గరుండి చూడాలండీ. మీ బండి ఉందా?"

ఉంది. నా స్కూటీ మీద ఒక ఇంజనీరు వెనక కూర్చోవడం అదే మొదలు, అదే చివర. నా మెడలోని గుర్తింపు కార్డు గాలికి లేచి చెంపకు తగులుతుంటే, బస్సుల మధ్య దూరుతూ ఎలా పోయానో నాకే తెలీదు. "మెల్లగా అండీ" అని ఒకసారి, "కొంచెం స్పీడుగా అండీ" అని ఒకసారి ఆయన చెబుతూనే ఉన్నాడు.

కొత్తాయన అప్పటికే మూత ఎత్తి, కీ దించి నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఎడంపక్క తిప్పు తంబీ. లెక్కపెట్టు."

తిప్పాడు. కదిలింది. ఒకటి, రెండు, మూడు. నేను పైకే లెక్కపెడుతున్నాను. పదికి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. పదిహేను దగ్గర ఇంజనీరు కూడా ఒక చెయ్యి వేశాడు. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇంకా తిరుగుతోంది.  మామ లెక్క తప్పిందా? నేను తప్పు టైపు చేశానా? ఇరవై మూడు. ఇరవై నాలుగు. అక్కడ బిర్రుగా నిలబడింది.

"రెండు ఎక్కువ వచ్చాయేంటండీ?" అన్నాడు ఇంజనీరు.

కొత్తాయనే చెప్పాడు. "ఆ రెండు నేను పొద్దున తిప్పినవి సార్."

మూడూ ఇరవై ఎనిమిది. మామకు ఒక అలవాటుండేది. వాల్వు మూశాక కీ పైకి తియ్యకుండా, దాని పిడికి చెవి ఆనించి వినేవాడు. ఏ కొంచెం నీళ్ళు జారుతున్నా సన్నగా బుస వినిపిస్తుంది. ఆ సంగతి చెప్పాను. మూడున్నర దాటింది. వీధి చివర వేరే లైను కుళాయిల దగ్గర బిందెల చప్పుడు మొదలైంది, అంటే టాంకు తెరుచుకుంది. యానాం ఇంజనీరు నడివీధిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప కీకి చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం.

"ఏమీ వినబడట్లేదండీ" అన్నాడు. మళ్ళీ విని, "అసలేమీ లేదండీ!" అన్నాడు. కొత్తాయన అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

ఆఫీసుకు తిరిగొచ్చి, ఎవరూ అడగకుండానే నా రెండు తప్పులూ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఆయన టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత, "దీన్ని సిస్టమ్‌లో ఎక్కించాలి కదండీ. ఏ కాలమ్‌లో ఎక్కించాలంటారు?" అన్నాడు.

"దీనికి కాలమ్ లేదు సార్."

"లేదు కదండీ" అని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడే ఆ ఫైలు ఆఫీసులో ప్రతి కంప్యూటర్లోకీ పాకింది. కొత్తాయన ఫోన్లోనూ చేరింది, ఆయన చెప్పే వరసలు కూడా అందులో చేరడం మొదలైంది. మా ఇంటి తెలుగు ఆ ఇంజనీరుకు సగం అర్థమయ్యేది కాదు. బిర్రు అంటే ఏంటండీ, గామాల అంటే ఏంటండీ అని అడుగుతుండేవాడు; గట్టిగా అని, కాబోలు అని చెప్పేదాన్ని. ఆయన భార్య దగ్గరే నేను రిటైరయ్యాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా పోలేదు. ట్యాంకర్లు ఎక్కడున్నాయో పటం మీద చూపించడంలో దానికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అమ్మాయిలూ, నేను మీకు చెప్పేది కంప్యూటర్ వద్దని కాదు. కొత్తది చేతికి రాగానే ఇది ఏమేం చెయ్యగలదు అని అడక్కండి. నాకు ఏం కావాలి అని అడగండి. చాలాసార్లు జవాబు ఒక్క వరసలో పడుతుంది. ఆ వరసకు చోటు లేనిది ఎంత పెద్దదైతే ఏం లాభం?

వాల్వు మూసిన ఆ సాయంత్రం ఇంటికి పోతూ స్కూటీని ఏడు సందుల వైపు తిప్పాను. పని ఏమీ లేదు, మనసు నిలవలేదు. మొదటి సందులో ఒక ఇంటి ముందు ఖాళీ బిందెలు వరసగా పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. నా మెడలో ఆఫీసు కార్డు చూసి అందుకుంది.

"ఏమ్మా, మీ ఆఫీసులో ఉండేవాళ్ళు ఏం జేస్తా ఉంటారు? మూడున్నర నుంచి కుళాయి కింద నిలబడి ఉండా. ట్యాంకర్ వస్తే రెండు బిందెలకే అయిపాయె. ఈ ఎండల్లో పిల్లోళ్ళను పెట్టుకుని ఏం జెయ్యమంటారు?"

"కుళాయిలో అసలు ఏమీ రాలేదా అక్కా? కొంచెం కూడా? మొదట్లో నల్లగా, మురికిగా ఏమన్నా?"

"నల్లగా యాడ, తెల్లగా యాడ! ఒక్క బొట్టు కూడా రాలేదంటా ఉంటే!"

"ఒక్క బొట్టు కూడా?"

"ఒక్క బొట్టు కూడా!" అని ఆవిడ కోపంగా కుళాయి మొత్తం తిప్పి చూపించింది. నేను బండి స్టాండు వేసి, ఆవిడ తిట్లన్నీ అయిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాను.